పిల్లలే నడుపుకునే బడి: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలే ఓట్లేసి నియమాలు పెట్టుకునే బడులు, తప్పు చేసినవాళ్ళని పిల్లలే విచారించుకునే బడులు ఉన్నాయని చెబితే మన దగ్గర ముందు నవ్వుతారు, తర్వాత అడుగుతారు. అలా నన్ను అడిగిన ప్రశ్నలు, నేను చెప్పిన జవాబులు ఇవి. కొన్నిటికి పొడుగ్గా చెప్పాల్సి వచ్చింది, కొన్నిటికి నాలుగు మాటలతో సరిపోయింది.

పిల్లలే నడుపుకోవడమేంటి? టీచర్లు ఉండరా?

ఉంటారు. చివరి మాట మాత్రం వాళ్ళది కాదు.

ఈ విషయంలో అందరూ చెప్పుకునే బడులు రెండు. ఒకటి ఇంగ్లండ్‌లోని సమ్మర్‌హిల్. స్కాట్లాండ్ మనిషి ఎ.ఎస్. నీల్ 1921లో జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర మొదలుపెట్టాడు. 1927 నుంచి సఫోక్‌లోని లీస్టన్ అనే చిన్న ఊళ్ళో నడుస్తోంది. ప్రధానంగా హాస్టల్ బడి. రెండోది అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఫ్రేమింగ్‌హామ్‌లో ఉన్న సడ్‌బరీ వ్యాలీ స్కూల్. 1968లో పెట్టారు. బోస్టన్ వైపు మన తెలుగువాళ్ళు బాగానే ఉంటారు కాబట్టి ఆ ఊరి పేరు కొందరికి తెలిసే ఉంటుంది. అక్కడ నాలుగేళ్ళ పిల్లల నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళ దాకా తరగతుల తేడా లేకుండా ఒకే చోట ఉంటారు, సాయంత్రానికి ఇళ్ళకి వెళ్ళిపోతారు.

సడ్‌బరీ వ్యాలీలో వారానికోసారి స్కూల్ మీటింగ్ జరుగుతుంది. డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి, వంటగది ఎవరు వాడొచ్చు, ఏ నియమం మార్చాలి, అన్నీ అక్కడే తేలతాయి. ప్రతి విద్యార్థికీ ఒక ఓటు, ప్రతి స్టాఫ్ మనిషికీ ఒక ఓటు. పిల్లలే ఎక్కువమంది కాబట్టి పెద్దవాళ్ళంతా ఒకవైపు చేరినా ఓడిపోవచ్చు. ఫీజు, ఏడాది బడ్జెట్ లాంటివి మాత్రం తల్లిదండ్రులు కూడా కూర్చునే అసెంబ్లీ ముందుకు వెళ్తాయి. అక్కడ టీచర్ అనే మాట పెద్దగా వినిపించదు, స్టాఫ్ అంటారు.

నాలుగేళ్ళ పిల్లకి ఓటా? దానికేం తెలుసని?

బడ్జెట్ గురించి ఏమీ తెలియకపోవచ్చు. ఆ మీటింగుకి రావాలన్న బలవంతమూ లేదు, చిన్నపిల్లలు చాలామంది రారు కూడా. కానీ ఊయల దగ్గర వరస ఎలా ఉండాలన్నది చర్చకి వస్తే అది తన సొంత సంగతి. ఆ రోజు వస్తుంది. మన ఊళ్ళో గ్రామసభకి ఎవరొస్తారు? ఇల్లు మంజూరు కావాల్సినవాళ్ళు, ఇంటి ముందు మురుక్కాలవ పొంగుతున్నవాళ్ళు. మిగతావాళ్ళు పొలం పనుల్లో ఉంటారు. పిల్లలూ అంతే.

బాధ్యత, జవాబుదారీతనం మా స్కూల్లోనూ నేర్పుతున్నారు కదా? మావాడు క్లాస్ లీడర్ కూడా.

నా మటుకు నాకు అసలు ప్రశ్న ఇదే. కాస్త ఓపిగ్గా వినండి.

ఏడో తరగతిలో నేనూ క్లాస్ లీడర్నే. సారు స్టాఫ్‌రూమ్‌కి వెళ్తూ ‘మాట్లాడినవాళ్ళ పేర్లు రాయరా’ అని సుద్దముక్క నా చేతిలో పెట్టేవారు. బోర్డుకి కుడివైపు నిలువుగీత గీసి దాని పక్కన పేర్లు రాసేవాణ్ణి. రెండోసారి మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కు, మూడోసారికి ఇంకోటి. వరండాలో సారు చెప్పుల చప్పుడు వినిపించేలోపు బేరాలు నడిచేవి. ఒక రేగొడియానికి ఒక ఇంటూ చెరిపేవాణ్ణి. పేరే చెరిపేయాలంటే మర్నాడు లెక్కల హోంవర్కు చూపించాలి. నాతో గొడవపడ్డవాడు నోరు విప్పకపోయినా వాడి పేరు పడేది. సారు వచ్చి జాబితా చూసి బెత్తం తీసేవారు. ఎవరు ఏం మాట్లాడారో, అసలు మాట్లాడారో లేదో ఒక్కసారీ అడగలేదు. ఆ ఏడాది నా ప్రోగ్రెస్ కార్డులో ‘బాధ్యత గల విద్యార్థి’ అని రాశారు.

జవాబుదారీ అనే మాటలోనే జవాబు ఉంది. మరి ఆ జవాబు ఎవరికి చెప్పాలి? మన బడుల్లో అది ఎప్పుడూ పైకే పోతుంది. పిల్లవాడు టీచరుకి, టీచరు హెడ్మాస్టరుకి, ఆయన ఎంఈఓకి. పక్క బెంచీవాడికి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. నేను అన్యాయంగా పేరు రాసిన పిల్లవాడికి నన్ను నిలదీసే చోటే లేదు. సారు నమ్మినంతకాలం నేను మంచి లీడర్నే.

ఈ బడుల్లో జవాబు పక్కకి పోతుంది. ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళ ముందే, తోటి పిల్లల మధ్యే కూర్చుని చెప్పుకోవాలి. మిగతా ప్రశ్నలన్నిటికీ నేను చెప్పే జవాబులు ఇక్కణ్ణుంచే మొదలవుతాయి.

సరే, తప్పు చేస్తే ఏం చేస్తారు? కొడతారా, తిడతారా, ఇంటికి పంపేస్తారా?

సడ్‌బరీ వ్యాలీలో దీనికి జ్యుడీషియల్ కమిటీ ఉంది, పొట్టిగా జేసీ అంటారు. మన దగ్గర జేసీ అంటే జాయింట్ కలెక్టరు, ఇక్కడ మాత్రం ఎనిమిదేళ్ళ పిల్ల కూడా జేసీలో ఉండొచ్చు. వేర్వేరు వయసుల విద్యార్థులు వంతులవారీగా అందులో కూర్చుంటారు, స్టాఫ్ నుంచి ఒకరుంటారు. దాన్ని నడిపించే క్లర్కులు ఎన్నికైన విద్యార్థులు.

ఫిర్యాదు ఎవరి మీదైనా ఎవరైనా ఇవ్వొచ్చు, కాకపోతే కాగితం మీద ఉండాలి. రాయడం రాని పిల్ల చెబుతుంటే ఇంకొకరు రాసిపెడతారు. ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. అంతే. ‘వాడెప్పుడూ ఇంతే’ అని రాస్తే విచారణకి పనికిరాదు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఆరేళ్ళ పాప పొద్దుటి నుంచి అట్టముక్కలు అంటించి ఇల్లు కట్టింది. పద్నాలుగేళ్ళ కుర్రాడు వచ్చి దాని మీద కూర్చున్నాడు. ఇల్లు నలిగిపోయింది. ఇద్దర్నీ పిలుస్తారు.

‘కావాలని కూర్చున్నావా?’
‘లేదు, చూసుకోలేదు.’
‘నలిగిందని తెలిశాక ఏం చేశావు?’
కాస్త ఆగి, ‘నవ్వాను.’
‘తర్వాత?’
‘వెళ్ళిపోయాను.’

ఆ బడిలో ఇల్లు నలగడం తప్పు కాకపోవచ్చు, నవ్వి వెళ్ళిపోవడం తప్పు కావచ్చు. కమిటీ ముందు ఏం జరిగిందో తేలుస్తుంది, ఆ తర్వాతే అది ఏ నియమం కిందికి వస్తుందో చూస్తుంది. ఒప్పుకుంటావా అని అడుగుతారు. ఒప్పుకుంటే శిక్ష సంగతి, లేదంటే విచారణ. శిక్షలు చాలావరకు చిన్నవే. ఒక రోజు ఫలానా గదిలోకి వెళ్ళకూడదు, పాడుచేసింది శుభ్రం చేయాలి, అలాంటివి. తీర్పు అన్యాయం అనిపిస్తే స్కూల్ మీటింగుకి అప్పీలు చేసుకోవచ్చు. సస్పెన్షన్ దాకా వెళ్ళే పెద్ద తప్పులు కూడా స్కూల్ మీటింగులోనే తేలతాయి.

గమనించండి, ఇందులో ‘సిగ్గులేదా’ లేదు, ‘రేపు మీ నాన్నని తీసుకురా’ లేదు, గోడకుర్చీ లేదు. ఇంకోటుంది, నాకు అన్నిటికంటే నచ్చేది. ఆ కుర్రాడి వంతు వచ్చినప్పుడు వాడే ఆ కమిటీలో కూర్చుని ఇంకొకణ్ణి ‘తర్వాత ఏం చేశావు?’ అని అడగాలి.

సమ్మర్‌హిల్‌లో పద్ధతి కొంచెం వేరు. ముందు ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తారు, అంటే గొడవ సర్దడానికి ఎన్నుకున్న మనిషి. మన ఊరి పెద్దమనిషి లాంటిదే, కాకపోతే ఈ పెద్దమనిషికి పదమూడేళ్ళు ఉండొచ్చు. అక్కడ తేలకపోతే బడి మొత్తం కూర్చునే సభ ముందుకి. జరిమానాలు కూడా పిల్లల లెక్కలోనే ఉంటాయి: భోజనం వరసలో చివర నిలబడటం, ఒక పూట తీపి పదార్థం కట్, పాకెట్ మనీలో కోత.

ఇది చాడీలు చెప్పడం నేర్పినట్టు కాదా?

చాడీ ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ఎదుటివాడు లేనప్పుడు, పెద్దవాళ్ళ చెవిలో, మెప్పు కోసం చెప్పేది. ఇక్కడ ఫిర్యాదు ఇచ్చినవాడు ఎదుటివాడి మొహం చూస్తూ అదే మాట మళ్ళీ చెప్పాలి. మెచ్చుకునే పెద్దమనిషి ఎవరూ ఉండడు. అబద్ధమని తేలితే దాని మీద వేరే ఫిర్యాదు వస్తుంది. చాడీలకి ఇంతకంటే ఇబ్బందైన చోటు ఉండదు.

అయితే ఒకటి నిజం. కొత్తగా చేరిన పిల్లలు మొదట్లో ప్రతిదానికీ ఫిర్యాదు రాసే ప్రమాదం ఉంది. కమిటీ ముందు గంట కూర్చుని, ఆట పోయిందని తెలిశాక ‘దీన్ని మనమే మాట్లాడుకుందాం’ అనే తెలివి కూడా అక్కడే పుడుతుంది.

పెద్దపిల్లలు చిన్నవాళ్ళని తొక్కేయరా? ఫ్రెండ్స్‌ని కాపాడుకోరా?

ప్రయత్నిస్తారు. పిల్లలు దేవుళ్ళని నేను చెప్పను. మాటకారి పిల్లల మాట మీటింగులో ఎక్కువ చెల్లుతుంది, నలుగురికీ ఇష్టమైన కుర్రాడి తప్పు కాస్త చిన్నదిగా కనిపిస్తుంది. పెద్దవాళ్ళ అసెంబ్లీల్లో జరిగేవన్నీ ఇక్కడా జరుగుతాయి. తేడా ఏంటంటే ఇక్కడ అది అందరి కళ్ళ ముందే జరుగుతుంది, వచ్చే వారం దాన్ని మళ్ళీ లేవనెత్తే దారి ఉంది. నేను రేగొడియానికి ఇంటూ చెరిపిన సంగతి నలభై మందికి తెలుసు, అయినా చెప్పుకునే చోటు లేదు.

వయసులు కలిసి ఉండటం కూడా పనిచేస్తుంది. సమ్మర్‌హిల్‌లో రాత్రి పిల్లల్ని పడుకోబెట్టే పని ఎన్నికైన పెద్దపిల్లలది. ‘బెడ్డీస్ ఆఫీసర్లు’ అంటారు. రాత్రి తను ఏడిపించిన చిన్నవాడు మీటింగులో చెయ్యెత్తుతాడని ఆ ఆఫీసరుకి తెలుసు. వాడి ఓటూ తన ఓటూ ఒకటేనని కూడా తెలుసు.

టీచరే తప్పు చేస్తే?

ఆయన మీదా ఫిర్యాదు వస్తుంది, ఆయనా వచ్చి కూర్చోవాలి. సడ్‌బరీ వ్యాలీలో అయితే స్టాఫ్‌ని వచ్చే ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది కూడా ప్రతి సంవత్సరం రహస్య ఓటింగుతో తేలుస్తారు. మన లెక్చరర్లకి ఈ సంగతి చెబితే టెన్షన్ వస్తుంది, నాకు తెలుసు, చెప్పి చూశాను.

దీనికి పాత ఉదాహరణ పోలండ్‌లో ఉంది. యానుష్ కోర్చాక్ అనే పిల్లల డాక్టరు 1912 నుంచి వార్సాలో యూదు అనాథపిల్లల ఆశ్రమం నడిపాడు. అక్కడ పిల్లల కోర్టు ఉండేది. ఐదుగురు జడ్జీలు, అందరూ పిల్లలే. ఆ వారం తమ మీద కేసు లేనివాళ్ళ పేర్లలోంచి చీటీలు తీసేవారు. కోర్టుకి రాతపూర్వకమైన చట్టం ఉంది. అందులో మొదటి 99 సెక్షన్లు కేసు కొట్టేయడానికో, క్షమించడానికో రాసినవే. ఆ తర్వాత 100, 200, 300 అంటూ బరువు పెరుగుతూ పోతుంది. 1000వ సెక్షన్ పడితే ఆశ్రమం విడిచి వెళ్ళాలి.

కోర్చాక్ ఆరు నెలల్లో ఐదుసార్లు తన మీద తనే కేసు పెట్టుకున్నాడు. ఒక కుర్రాడి చెవి మీద కొట్టినందుకు ఒకసారి, ఒకణ్ణి పడకగదిలోంచి బయటికి పంపినందుకు ఒకసారి, ఒకణ్ణి మూలన నిలబెట్టినందుకు ఒకసారి, ఒక జడ్జిని అవమానించినందుకు ఒకసారి, ఒక అమ్మాయి దొంగతనం చేసిందని అనుమానించినందుకు ఒకసారి. ఈ జాబితా చదివిన ప్రతిసారీ నేను మా స్కూలు రోజులు లెక్కేసుకుంటాను. చెవి మెలిపెట్టడం, బయట నిలబెట్టడం, దొంగ అనడం, ఇవన్నీ మాకు రోజువారీ సంగతులు. అవి కేసు పెట్టాల్సిన తప్పులని అప్పట్లో ఎవరి బుర్రకీ తట్టలేదు, దెబ్బలు తిన్న మాకు కూడా.

1942 ఆగస్టులో నాజీలు ఆ పిల్లల్ని ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించారు. తప్పించుకునే అవకాశాలు వచ్చినా కోర్చాక్ వాళ్ళని వదిలి వెళ్ళలేదు.

ఒకరోజు అందరూ కలిసి నియమాలన్నీ ఎత్తేస్తే?

ఎత్తేయొచ్చు. సమ్మర్‌హిల్ సభ నిద్రవేళ నియమాలు తీసేసిన సందర్భాలు ఉన్నాయి. కొన్ని రాత్రులు పండగే. తర్వాత నిద్ర లేక కళ్ళు మండి, పక్క గది గోల భరించలేక వాళ్ళే మళ్ళీ ఓటేసి తెచ్చుకున్నారు. ఈ బడుల్లో నియమాల పుస్తకం మీరనుకున్నంత పల్చగా ఉండదు. ఎప్పుడో ఒకసారి ఎవరికో ఇబ్బంది కలిగి, మీటింగులో వాదన జరిగి వచ్చిన నియమాలే చాలావరకు. అందుకే అవి చదివితే చిత్రంగా ఉంటాయి.

క్లాసులకి వెళ్ళడం ఇష్టముంటేనేనట? ఇక చదువేముంటుంది?

ఇది చదువుల గురించి రాస్తున్న పేజీ కాదు, బాధ్యత గురించి. కానీ రెండూ కలిసే చోటు ఒకటుంది కాబట్టి చెబుతాను.

సడ్‌బరీ వ్యాలీ పెట్టినవాళ్ళలో డేనియల్ గ్రీన్‌బర్గ్ ఒకడు, అంతకుముందు కొలంబియా యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పినవాడు. ఆయన రాసుకున్న సంఘటన ఇది. తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లలు ఒక డజను మంది వచ్చి లెక్కలు నేర్పమన్నారు. మీకు నిజంగా అక్కర్లేదులే అని ఆయన ముందు తిప్పి పంపడానికి చూశాడు. వాళ్ళు వదల్లేదు. అప్పుడు షరతు పెట్టాడు: వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజు క్లాసు లేదు. అలా రెండుసార్లు జరిగితే ఇక ఎప్పటికీ లేదు. పిల్లలు ఒప్పుకున్నారు. ఇరవై వారాలు, అంటే మొత్తం ఇరవై గంటల్లో కూడికల నుంచి భిన్నాలు, శాతాల దాకా అయిపోయింది.

ఇరవై గంటల్లో అంకగణితం మొత్తం వస్తుందా అని లెక్కల మాస్టార్లు నాతో వాదిస్తారు. వాదించుకోండి. నన్ను ఆపింది ఆ ఐదు నిమిషాల షరతు. ఆలస్యమైతే ఎవరినీ బయట నిలబెట్టరు, ఫైన్ వేయరు. ఒకడు లేటుగా వస్తే పదకొండు మంది క్లాసు పోతుంది, అంతే. వాడు ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలో చెప్పనక్కర్లేదు.

బయటికొచ్చాక బతకగలరా? ఉద్యోగాలొస్తాయా?

బోస్టన్ కాలేజీ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గ్రే, డేవిడ్ చానాఫ్ కలిసి సడ్‌బరీ వ్యాలీలో చదివిన 69 మందిని వెతికి పట్టుకుని 1986లో ఒక అధ్యయనం ప్రచురించారు. పై చదువులకి వెళ్ళాలనుకున్నవాళ్ళు వెళ్ళగలిగారు, రకరకాల పనుల్లో కుదురుకున్నారు అని తేలింది. అక్కడ చదవడం వల్ల మేలు జరిగిందన్నవాళ్ళే ఎక్కువ, అందులో తమ పని తామే నెత్తినేసుకోవడం అలవాటైందన్న మాట బాగా వినిపించింది. కాకపోతే గ్రే కొడుకూ ఆ బడిలోనే చదివాడు. పైగా అలాంటి బడికి పంపే తల్లిదండ్రులు ముందే వేరే రకం మనుషులు. అధ్యయనం చదివేటప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోవాలి.

డిప్లొమా కావాలనుకున్నవాళ్ళు పరీక్ష రాయరు. పెద్దవాళ్ళ లోకంలో బతకడానికి తమను తాము ఎలా సిద్ధం చేసుకున్నారో ఒక థీసిస్‌గా పెట్టి, అడిగిన ప్రశ్నలకి నిలబడి జవాబివ్వాలి. మన పదో తరగతి పరీక్షల కంటే ఇదే కష్టం అని నా అభిప్రాయం. దీనికి గైడు దొరకదు.

ప్రభుత్వాలు ఊరుకుంటాయా?

ఊరుకోలేదు. 1999లో ఇంగ్లండ్ స్కూళ్ళ తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ సమ్మర్‌హిల్‌ని తప్పుబట్టింది, పాఠాలకి హాజరు విషయంలో పద్ధతి మార్చకపోతే మూతపడే పరిస్థితి వచ్చింది. బడి అప్పీలు చేసింది. 2000 మార్చిలో లండన్ రాయల్ కోర్ట్స్ ఆఫ్ జస్టిస్‌లో ట్రిబ్యునల్ విచారణ మధ్యలో ప్రభుత్వం రాజీకి వచ్చింది. అప్పుడు పిల్లలు ఏం చేశారు? ఆ కోర్టు గదిలోనే సభ పెట్టుకుని, రాజీ షరతులు చర్చించి, ఓటేసి ఒప్పుకున్నారు. పాఠాలు ఇప్పటికీ ఐచ్ఛికమే.

మన స్కూళ్ళలోనూ ఎస్‌పీఎల్ ఎన్నికలు, బాలల క్యాబినెట్ ఉన్నాయి కదా?

ఉన్నాయి. బ్యాలెట్ పెట్టె, వేలికి సిరా, ప్రమాణ స్వీకారం, ఫోటో. ఆ తర్వాత ఆరోగ్య మంత్రి చేసేది చేతులు కడుక్కున్నారా అని చూడటం. మరుగుదొడ్డి తలుపు గడియ ఊడిపోతే బాగుచేయించడానికి రూపాయి ఖర్చుపెట్టే అధికారం ఆ మంత్రికి లేదు. అధికారం లేని చోట బాధ్యత అడగడం అన్యాయం, పిల్లలకి ఆ సంగతి మనకంటే ముందే తెలుస్తుంది. వచ్చే ఏడాది ఎన్నికని ఆటలా చూస్తారు.

మన దేశంలో దీన్ని మనసుపెట్టి చేసిన చోటు లేకపోలేదు. రాజస్థాన్ తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన రాత్రి బడుల పిల్లలు 1990లలో బాలల పార్లమెంటు ఎన్నుకున్నారు. పగలు మేకలు కాసుకుని, రాత్రి సోలార్ లాంతరు వెలుగులో చదువుకునే పిల్లలు వాళ్ళు. ఎన్నికైనవాళ్ళు ఊరూరా తిరిగి బడి సరిగా నడుస్తోందా, పంతులు వస్తున్నాడా చూసేవారు. పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అడిగేవారు, వాళ్ళు జవాబు చెప్పాల్సి వచ్చేది. మా ఎస్‌పీఎల్ ఒకసారి సారు ఎందుకు రాలేదని అడిగి ఉంటే ఏమయ్యేదో మీకు తెలుసు.

ఏపీలోనో తెలంగాణలోనో ఇలాంటి బడి పెట్టొచ్చా?

పూర్తిగా సడ్‌బరీ లాంటిది కష్టం. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక చదువు చెప్పే బడికి గుర్తింపు ఉండాలి, టీచర్లు సిలబస్ గడువులోపు పూర్తి చేయాలి. ఇష్టమైతేనే పాఠాలు అనే మాట అక్కడ నిలవదు. ఇలాంటి దారి పట్టే కుటుంబాలు పదో తరగతికి వచ్చేసరికి ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) వైపో, రాష్ట్రాల ఓపెన్ స్కూల్ వైపో చూస్తాయి. ఎన్‌ఐఓఎస్ పదో తరగతికి 14 ఏళ్ళు నిండితే చాలు.

అయితే విచారణ కమిటీ, ప్రతి వారం సభ, సభ చేతిలో కొంత నిజం డబ్బు, వీటికి చట్టం అడ్డం రాదు. పైగా అదే చట్టంలోని 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం పోయింది సరే, దాని స్థానంలో ఏం పెట్టాలో మన బడులకి ఎవరూ చెప్పలేదు. చాలాచోట్ల ఫైను, లేదంటే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఫోటో. ఆ ఖాళీలోకి పిల్లల కమిటీ బాగా సరిపోతుందని నా నమ్మకం.

అందరు పిల్లలకీ నప్పుతుందా?

నప్పదు. వేరే బడిలో కుదరక, వేధింపులు పడి వచ్చిన పిల్లలకి మొదటి కొన్ని నెలలు చాలా కష్టం. చెప్పేవాళ్ళు లేక ఊరికే కూర్చుంటారు, విసుగెత్తుతుంది. తల్లిదండ్రులకి అంతకంటే కష్టం. పగలు మీటింగులో ఓటేసిన పిల్లకి సాయంత్రం ఇంట్లో ట్యూషన్ పెడితే ఆ బడికి పంపి లాభం లేదు.

ఇంట్లో మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు, ఒకటే జాగ్రత్త. వాళ్ళు ఓటేశాక మీరు కొట్టిపారేసే విషయాన్ని అసలు ఓటుకే పెట్టకండి. స్కూలు ఫీజు, మందులు, రోడ్డు దాటడం మీ దగ్గరే ఉంచుకోండి. టీవీ వేళలు, ఆదివారం కూర, ఫోన్ల నియమం లాంటివి నిజంగా వదిలేయండి.

మా ఇంట్లో ఆదివారం టిఫిన్ అయ్యాక మీటింగు. నిర్ణయాలు రాసుకోవడానికి బ్యాంకువాళ్ళిచ్చిన పాత డైరీ. మొదటి నెలంతా కొట్లాటే. మేమిద్దరం, వాళ్ళిద్దరు, ప్రతిదీ రెండుకి రెండు. అత్తగారు వచ్చిన వారం ఐదో ఓటు వచ్చిందని పిల్లలు ఆవిణ్ణి మంచి చేసుకోవడానికి కాళ్ళు కూడా నొక్కారు. రాత్రి తొమ్మిది తర్వాత అందరి ఫోన్లూ బిస్కెట్ల డబ్బాలో పెట్టాలన్న నియమం ఆ వారమే నెగ్గింది, నేను ఓడిపోయాను.

మూడు వారాల తర్వాత మా చిన్నది డైరీలో ఫిర్యాదు రాసింది. ‘నాన్న మంగళవారం, గురువారం ఫోను డబ్బాలో పెట్టలేదు. బాల్కనీలో ఉన్నాడు. నేను చూశాను.’ ఆఫీసు కాల్ అన్నాను. ఆ వారం అధ్యక్షుడు మా పెద్దాడు. ‘కాల్ అయితే మాట్లాడిన చప్పుడు రావాలి కదా నాన్నా. మాకు నవ్వు వినిపించింది’ అన్నాడు. మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ దోసె ముక్కతో పళ్ళెం తుడుచుకుంటోంది.

ఒప్పుకున్నాను. వారం రోజులు రాత్రి గిన్నెలు నేనే తోమాలని తీర్మానం. మూడు రోజులు తోమాను. నాలుగోరోజు మ్యాచ్ చూస్తూ మర్చిపోయాను. చిన్నది ఏమీ అనలేదు. డైరీ తెచ్చి ఆ పేజీ తెరిచి టీవీ ముందు పెట్టి, వెళ్ళి పడుకుంది.